ఏది తక్కువైతే అదేనా?

ఇండిగో విమానాలు వేల సంఖ్యలో రద్దయిన 2025 డిసెంబరు సంక్షోభం గురించి ఇక మాట్లాడుకోవాల్సింది ఏమీ లేదన్నట్టుంది కొందరి ధోరణి. ఇండిగోకు విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 22.20 కోట్ల రూపాయల జరిమానా వేసింది, సంస్థ క్షమాపణ చెప్పింది, టికెట్ల డబ్బు తిరిగిచ్చింది, బాగా ఇబ్బంది పడ్డవారికి పదివేల రూపాయల వోచర్లు కూడా ప్రకటించింది, ఇంకా ఏం కావాలని అడుగుతున్నారు. కావాల్సింది చాలా ఉంది. విమానం రద్దయితే ప్రయాణికుడికి ఎంత చెల్లించాలో చెప్పే నిబంధనలో మూడు మాటలున్నాయి: ఏది తక్కువైతే అది. వాటిని కొట్టేయకుండా ఎంత జరిమానా వేసినా రేపు మరో సంస్థ ఇదే పని చేస్తుంది. చేసినా తనకు పెద్దగా నష్టం లేదు కాబట్టి చేస్తుంది.

ఆ నిబంధన 2010లో వచ్చింది, 2016లో మారింది. సకాలంలో చెప్పకుండా విమానం రద్దు చేస్తే గంట లోపు ప్రయాణానికి 5,000, గంట నుంచి రెండు గంటల దాకా 7,500, ఆ పైన 10,000 రూపాయల పరిహారం అంటుంది. టికెట్ డబ్బు వాపసుకు ఇది అదనం. ఎవరు రాసినా, ఏ చానల్లో చర్చ పెట్టినా ఈ అంకెలే చదువుతారు. వాటి వెంటే ఉన్న షరతు మాత్రం చదవరు. ఈ మొత్తం, లేదా ఒకవైపు మూల ఛార్జీకి ఇంధన ఛార్జీ కలిపినంత, ఈ రెంటిలో ఏది తక్కువైతే అదే చెల్లిస్తారు. అంటే 10,000 అనేది ప్రయాణికుడికి దక్కే హక్కు కాదు, అంతకు మించి ఇవ్వక్కర్లేదని సంస్థలకు ఇచ్చిన హామీ.

ఈ షరతు దెబ్బ ఎవరిమీద పడుతుందో చూడండి. రెండు నెలల ముందే ప్లాన్ చేసుకుని, నాలుగు సైట్లు వెతికి, తక్కువ ధరకు టికెట్ కొనుక్కున్న మధ్యతరగతి కుటుంబానికి అందరికంటే తక్కువ పరిహారం వస్తుంది. చవక విమానాల్లో ఎక్కేవారిలో ఎక్కువమంది వాళ్లే. ఎయిర్‌పోర్టులో వాళ్లు పోగొట్టుకున్న రోజు, తప్పిన ఇంటర్వ్యూ, అందుకోలేకపోయిన పెళ్లి ముహూర్తం, చివరి చూపు దక్కని చావు, వీటి విలువకూ టికెట్ ధరకూ సంబంధమే లేదు. పక్క సీట్లో పన్నెండు వేలు పెట్టి కూర్చున్న మనిషి ఎన్ని గంటలు పోగొట్టుకున్నాడో, మూడు వేల టికెట్ మనిషీ అన్నే పోగొట్టుకున్నాడు.

ఇప్పుడు ప్రభుత్వం సొంత అంకెల దగ్గరికే వెళ్దాం. సంక్షోభం ముదిరి మిగతా సంస్థలు ధరలు ఆకాశానికి ఎత్తేసిన తర్వాత, డిసెంబరు 6న పౌర విమానయాన శాఖ ఛార్జీలకు పరిమితి పెట్టింది. 500 కిలోమీటర్ల లోపు 7,500, వెయ్యి దాకా 12,000, పదిహేను వందల దాకా 15,000, ఆ పైన 18,000 రూపాయలు. పన్నులు, ఎయిర్‌పోర్టు ఛార్జీలు వేరే. అంటే ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు మరో సీటు కొనుక్కోవాలంటే 15,000 దాకా వసూలు చేయవచ్చని ప్రభుత్వమే ఒప్పుకుంది. అదే ప్రభుత్వ నిబంధనలో అదే మార్గంలో రద్దయిన విమానానికి అత్యధిక పరిహారం 10,000, అది కూడా ఏది తక్కువైతే అది.

అదే మార్గంలో ఒక టికెట్‌కు ప్రయాణికుడు మొత్తం 5,000 కట్టాడనుకుందాం. అందులో మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపి 4,000 అనుకుందాం. విమానం రద్దయితే వాపసు 5,000, పరిహారం 4,000, మొత్తం తొమ్మిది వేలు చేతికొస్తాయి. ప్రభుత్వం న్యాయమని అనుమతించిన ధరకే సీటు కొన్నా జేబులోంచి మరో ఆరు వేలు పడతాయి. నలుగురు సభ్యుల కుటుంబానికి ఇరవై నాలుగు వేలు. తప్పు సంస్థది, ఖర్చు ప్రయాణికుడిది. ఇది నిబంధనను ఉల్లంఘిస్తే జరిగేది కాదు, తుచ తప్పకుండా పాటిస్తే జరిగేది.

ఇంతకంటే ఉదారంగా రాయడం డీజీసీఏకు చేతకాదా అంటే, చేతనవును. అదే నిబంధనల పత్రంలో మరో అధ్యాయం ఉంది. సీట్లకు మించి టికెట్లు అమ్మి, కన్‌ఫర్మ్ అయిన ప్రయాణికుడిని గేటు దగ్గర ఆపేస్తే, ప్రత్యామ్నాయ విమానం 24 గంటల్లోపు ఇచ్చినప్పుడు మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపినదానికి రెండింతలు, గరిష్ఠంగా 10,000, 24 గంటలు దాటితే నాలుగింతలు, గరిష్ఠంగా 20,000 కట్టాలి. సంస్థ తన లాభం కోసం ఒకరిని ఆపితే నాలుగింతలు, తన నిర్వాకం వల్ల రెండువందల మందిని ఆపితే మహా అయితే ఒక టికెట్ ధర. ఈ తేడాకు ఏ వివరణా నాకు కనిపించలేదు.

ఆలస్యాల సంగతి ఇంకా అన్యాయం. ఎన్ని గంటలైనా సరే, ఆలస్యానికి నగదు పరిహారం సున్నా. కాసేపటికి తిండి, నీళ్లు ఇస్తారు. ఆరు గంటలు దాటేట్టుంటే మరో విమానమో డబ్బు వాపసో అడగొచ్చు, కొన్ని సందర్భాల్లో హోటల్. అంతే. డీజీసీఏ లెక్కల ప్రకారం డిసెంబరు 3 నుంచి 5 వరకు 2,507 విమానాలు రద్దయ్యాయి, 1,852 ఆలస్యమయ్యాయి. ఆ 1,852 విమానాల్లోని వారికి నిబంధన ప్రకారం ఒక్క రూపాయి పరిహారం రాదు.

ఆ మూడు రోజుల్లో చిక్కుకుపోయిన వారు మూడు లక్షలకు పైనే. 22.20 కోట్ల జరిమానాను మూడు లక్షలతో భాగిస్తే తలకు 740 రూపాయలు. అదైనా ప్రయాణికుడికి రాదు, ఖజానాకు పోతుంది. ఇండిగో 2024-25 లాభం 7,258 కోట్లు. అంటే జరిమానా ఆ సంస్థకు ఒక్కరోజు లాభం కంటే కాస్త ఎక్కువ. దీన్ని గుణపాఠం అనడానికి మనసెలా ఒప్పుతుంది?

వోచర్ల మాట. వోచర్ డబ్బు కాదు. ఏడాది లోపల, మిమ్మల్ని ఎయిర్‌పోర్టు నేలమీద పడుకోబెట్టిన అదే సంస్థలో మళ్లీ ఎక్కితేనే దానికి విలువ. లాక్‌డౌన్‌లో రద్దయిన టికెట్లకు సంస్థలు ఇలాగే డబ్బుకు బదులు క్రెడిట్ షెల్ ఇస్తామంటే, వాడుకోని దాన్ని 2021 మార్చి 31 కల్లా నగదుగా తిరిగివ్వాలని 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. సంస్థ మూతపడితే పరిస్థితి ఏమిటో 2023 మేలో గో ఫస్ట్ విమాన సంస్థ దివాలాకెక్కినప్పుడు చూశాం. టికెట్లు కొన్నవారు అప్పులవాళ్ల వరుసలో చివర నిలబడ్డారు.

పరిహారం పెంచితే టికెట్ ధరలు పెరిగి చవక ప్రయాణం పోతుందన్నది ఎదుటి వాదన. ఛార్జీలు అసలే పెరగవని నేను అనను. ఎంత పెరుగుతాయన్నదే ప్రశ్న. యూరప్‌లో 2005 నుంచి విమానం రద్దయితే దూరాన్ని బట్టి 250, 400, 600 యూరోలు కట్టాలి. టికెట్ ఇరవై యూరోలకు కొన్నా సరే, 250 ఇవ్వాల్సిందే. ఏది తక్కువైతే అది అన్న మాట అక్కడ లేదు. మూడు గంటలు, అంతకు మించి ఆలస్యమైనా ఇదే వర్తిస్తుందని 2009లో యూరోపియన్ న్యాయస్థానం తీర్పిచ్చింది. ఈ భారం మోయలేమని గట్టిగా గోల పెట్టిన చవక సంస్థ ర్యాన్‌ఎయిర్ 2011లో తనే లెక్కగట్టి, ఆ చట్టం ఖర్చు కోసం ఒక్కో ప్రయాణికుడి మీద వేసిన ఛార్జీ రెండు యూరోలు. ఆ సంస్థ మూతపడలేదు, ప్రయాణికుల సంఖ్యలో యూరప్‌లోనే అతిపెద్దదైంది. ఆలస్యం గడువును నాలుగు, ఆరు గంటలకు పెంచాలని సభ్యదేశాల మంత్రులు 2025 జూన్‌లో ప్రతిపాదించిన మాట నిజమే. ఆ ప్రతిపాదనలోనూ కనీస పరిహారం 300 యూరోలు.

మన నిబంధనలో మరో సందు, పరిహారం కట్టక్కర్లేని అసాధారణ పరిస్థితుల జాబితా. వరదలు, అంతర్యుద్ధం సరే. కానీ సమ్మెలు, కార్మిక వివాదాలు, ప్రభుత్వ ఆదేశాలు కూడా అందులో ఉన్నాయి. సొంత సిబ్బంది ఒక్కసారిగా విధులకు రాకపోయినా అది సంస్థ నిర్వహణలో భాగమేనని, పరిహారం కట్టాలని యూరోపియన్ న్యాయస్థానం 2018లోనే చెప్పింది. మన దగ్గర డిసెంబరు సంక్షోభానికి నేపథ్యమైన పైలట్ల విశ్రాంతి నిబంధనలు 2024 జనవరిలో ప్రకటించారు, రెండో దశ 2025 నవంబరు 1న అమల్లోకి వచ్చింది. ఇరవై నెలలకు పైగా గడువు ఉండి కూడా సిబ్బందిని సమకూర్చుకోని సంస్థ, ప్రభుత్వ ఆదేశం అన్న మాట చాటున దాక్కోవడానికి ఈ జాబితా దారి ఇస్తుంది. ఆ దారి మూసేయాలి.

చవక టికెట్ కొన్నావు కాబట్టి సర్దుకోవాలన్న వాదన మన దేశంలో ఎప్పుడో వీగిపోయింది. అదీ మన హైదరాబాద్ నుంచి వెళ్లిన కేసులోనే. 2007 డిసెంబరులో ఢిల్లీ–హైదరాబాద్ ఇండిగో విమానం పొగమంచువల్ల గంటల తరబడి ఆలస్యమైతే, ఒక ప్రయాణికుడు హైదరాబాద్‌లోని శాశ్వత లోక్ అదాలత్‌కు వెళ్లాడు. అక్కడ వచ్చిన పదివేల పరిహారాన్ని 2011 జులైలో సుప్రీంకోర్టు కొట్టేసింది, పొగమంచుకు సంస్థను తప్పుపట్టలేమంది. అందుకే ఆ తీర్పును సంస్థలు తమ గెలుపుగా చెప్పుకుంటాయి. అందులోని మిగతా సగం ఎవరూ చెప్పరు. ఆలస్యమైనప్పుడు ప్రయాణికులకు కనీస సదుపాయాలు కల్పించే బాధ్యత నుంచి, చవక సంస్థ అన్న కారణంతో తప్పించుకోలేరని కోర్టు స్పష్టం చేసింది. ఢిల్లీ కోర్టుల్లోనే తేల్చుకోవాలన్న టికెట్ షరతు హైదరాబాద్ లోక్ అదాలత్‌ను అడ్డుకోలేదనీ చెప్పింది. ఇవాళ 2019 వినియోగదారుల చట్టం కింద ఎవరైనా తమ సొంత ఊరి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు.

అయితే మూడు లక్షల మంది మూడు లక్షల ఫిర్యాదులు రాయాలా? పరిహారం అడగకుండానే, టికెట్ డబ్బు వచ్చిన ఖాతాలోకే రావాలి. సంస్థ దగ్గర పేరుంది, ఫోన్ నంబరుంది, కార్డు వివరాలున్నాయి. టికెట్ అమ్మేటప్పుడు క్షణాల్లో పనిచేసే వ్యవస్థ డబ్బు తిరిగిచ్చేటప్పుడు ఎందుకు మొరాయించాలి?

దీనికి పార్లమెంటు సమావేశం కావాల్సిన పని లేదు. 2010లో 2,000, 3,000, 4,000గా ఉన్న పరిహారాన్ని 2016లో డీజీసీఏ తన ఉత్తర్వుతోనే పెంచింది. ఇప్పుడూ అలాగే టికెట్ ధరతో లంకె తెంపి, గంటలను బట్టి స్థిరమైన మొత్తం పెట్టవచ్చు. దాన్ని ఏటా ధరల సూచీతో పెంచవచ్చు. ఆలస్యాలకూ వర్తింపజేయవచ్చు. శ్రీకాకుళం ఎంపీ, పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడికి, విమానం తప్పితే సామాన్యుడికి ఏమవుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయన శాఖ డిసెంబరు 6న ఛార్జీలకు పరిమితి పెట్టింది, మర్నాడు రాత్రి 8 గంటలకల్లా డబ్బు తిరిగివ్వాలని సంస్థను ఆదేశించింది. అంత వేగంగా కదలగలిగిన శాఖ, ఎయిర్‌పోర్టుల్లో జనం బ్యాగుల మీద తలపెట్టి పడుకున్న ఆ రోజుల్లోనే ‘ఏది తక్కువైతే అది’ అన్న మూడు మాటలను ఎందుకు కొట్టేయలేదో మంత్రి ఆ ప్రయాణికులకు సమాధానం చెప్పాలి.