ఆట లేని బడి, ఊరు లేని వార్షికోత్సవము

నిజామాబాదు పట్టణమునందును, బోధన్ పరిసరములందును ప్రైవేటు బడుల వార్షికోత్సవములు ఆరంభమైనవనగా, అద్దెకు తెచ్చిన తళుకు దుస్తులకును, నెలరోజులకు కుదుర్చుకొన్న డాన్సు మాస్టరుకును, ఫంక్షన్‌హాలుకును, చెవులు చిల్లులుపడు డీజేకును తలిదండ్రులు రుసుము చెల్లింపవలసిన కాలము వచ్చినదని యర్థము. ఆరేండ్ల బాలిక సినిమా పాటకు అడుగులు వేయును. ఆ యడుగులను తల్లి సెల్‌ఫోనులో పట్టుకొనును. ముఖ్య అతిథి జ్ఞాపికను అందుకొని వెడలిపోవును. నెలదినములు ఒకే పాటను వల్లించి, వేదికపై మూడు నిమిషములు నిలిచి దిగిన ఆ పిల్లకు అది ఆట కాదు, బెత్తము కనబడని మరియొక పాఠము. ఇటీవల ప్రభుత్వ పాఠశాలలు సైతము, ఉన్న కొద్దిపాటి ధనముతో, ఈ యాడంబరమునే అనుకరింప జూచుట మరింత విచారకరము.

ఆట విద్యలో భాగమని ఒప్పుకొనని ప్రభుత్వము లేదు. 2009లో పార్లమెంటు ఆమోదించిన విద్యాహక్కు చట్టము ప్రతి బడికిని ఆటస్థలము ఉండవలెనని, ప్రతి తరగతికిని ఆటవస్తువులు సమకూర్పవలెనని శాసించినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము మూడు మొదలు ఎనిమిదేండ్ల వరకు గల బిడ్డల చదువు ఆటపాటలతోనే సాగవలెనన్నది. అయినను అదే చట్టము యొక్క అనుబంధమును తెరచి చూచినచో, నూరుగురికి మించి పిల్లలున్న బడులలో ఆఱు మొదలు ఎనిమిదవ తరగతి వరకు వ్యాయామమునకును, చిత్రకళకును శిక్షకులను విధించియు, ఒకటి నుండి అయిదవ తరగతి వరకు అట్టి ఊసే ఎత్తలేదని తెలియును. అరువదిమంది లోపు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరే ఉపాధ్యాయులు. అయిదు తరగతులను ఇద్దరు పంచుకొనుచు, రిజిస్టర్లు నింపుచు, మధ్యాహ్న భోజనము చూచుకొనుచు ఆటకు తీరిక ఎక్కడిదని వారడుగుట న్యాయమే. కాని ఆటను పాఠమునకు వెలుపలిదిగా ఎంచుటవలననే ఈ తీరిక ప్రశ్న పుట్టుచున్నది.

ఓమనగుంటలాడు పిల్లను చూడుడు. ఇరువైపుల ఏడేసి గుంటలు, వానిలో చింతగింజలు. ఒక గుంటలోని గింజలను తీసి ఒక్కొక్కటిగా పంచుకొనుచు పోయినచో తన చేయి ఏ గుంటకడ ఆగునో, దాని ప్రక్క గుంట ఖాళీయో కాదో, గింజ ముట్టకముందే ఆమె మనస్సులో లెక్క కట్టుకొనును. పలకపై ఈ లెక్కనే వేయుమన్నచో ఆ పిల్లయే బిక్కమొగము వేయును. చిర్రగోనె ఆడు బాలుడు పుల్ల పడిన చోటినుండి కర్రతో దూరము కొలుచునపుడు అవతలి జట్టు కన్నులార్పక కనిపెట్టియుండును గనుక, ఆ కొలతలో తప్పు దొరలదు, దొరలినను నిలువదు. ఏ పర్యవేక్షణాధికారియు ఇంత నిష్ఠగా పిల్లల లెక్కలు దిద్దడు.

ఇక బతుకమ్మ మాట. దసరా సెలవులకు ముందటి దినమున మన బడులన్నింటను బతుకమ్మ ఆడింతురు. కాని ఆచరణలో ఏమి జరుగుచున్నది? పూవులు బజారునుండి వచ్చును, పంతులమ్మలు పేర్తురు, పిల్లలు పట్టు పరికిణీలు కట్టుకొని చుట్టు నిలుచుందురు, ఫొటో తీసిన పిమ్మట అంతయు ముగియును. విద్య యెల్ల ఆ పేర్చుటలోనే యున్నదని మరచితిమి. గునుగు ఏ బీడున పూచును, తంగేడు ఏ గుట్టవైపు దొరకును, కట్లపూవు ఏ వేళకు వాడును అను సంగతులు పాఠ్యపుస్తకములో లేవు; కోసికొని వచ్చిన బిడ్డకు మాత్రము జన్మాంతము మరపునకు రావు. గునుగు కాడలను ఒక్క పొడవున కోసి కట్టలు కట్టి, చివరలకు రంగు అద్ది, ఆకు పరచిన తాంబాళములో వరుసపై వరుసగా పేర్చుచు, ప్రతి వరుసను క్రిందిదానికంటె కొంచెముగా కుదించుచు, నడుమ బోలు లేకుండ ఆకును, కాడ ముక్కలను కూరవలెను. కుదింపు ఒకవైపు ఎక్కువైనచో బతుకమ్మ ఒరగును. ఒరగినదని ఎవరును చెప్పనక్కరలేదు, పిల్లలే విప్పి మరల పేర్చుకొందురు. శిఖరమున నిలుపు గౌరమ్మకు పసుపు మన నిజామాబాదు మార్కెట్టుదే. ఈ విద్య తెలిసిన గురువు బడిలో లేదు, బడి ప్రక్క ఇంటిలో బీడీలు చుట్టుకొనుచున్నది. అక్షరము రాని ఆ తల్లి ఆనాడు తరగతిలో కూర్చుండి చేయి చూపినచో, ఆమె బిడ్డ తలయెత్తి చూచు చూపును ఏ జ్ఞాపికతోను కొనలేము.

బోధన్ ప్రాంతమునకు ఇది మరింత అవసరమనుటకు కారణము కలదు. 1931లో పూర్తియైన నిజాంసాగరు నీరు ఇచ్చట చెఱకును పండించినది. 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారము శక్కర్‌నగరును నిలిపినది. కోస్తా జిల్లాలనుండి వచ్చి క్యాంపులు కట్టుకొన్న రైతులు, మంజీర ఆవలి మరాఠీ కుటుంబములు, ఉర్దూ మాటలాడు పట్టణవాసులు, చుట్టుప్రక్కల తెలంగాణ పల్లెలవారు ఆ కర్మాగారపు పొగగొట్టము నీడన ఒక బ్రతుకు బ్రతికినారు. 2015 డిసెంబరులో ఆ కర్మాగారము మూతపడినది. అందరిని ఒకచోట చేర్చు పని పోయినది. నేడు వారి పిల్లలు మాధ్యమముల పేర వేర్వేరు గదులలో కూర్చుందురు. పాఠము విడదీసిన పిల్లలను కలుపుటకు ఆటకంటె సులభోపాయము లేదు. జట్టులో చేరుటకు ఏ భాషయు అడ్డురాదు. బోధన్ చెంత సాలూర మండలములోని హున్సాలో హోలీనాటి సాయంకాలము పెద్దలు త్రాటికి ఇరువైపుల నిలిచి పిడిగుద్దులాట ఆడి, కొలది నిమిషములకే కౌగిలించుకొందురు. ఆ ఆటను బడికి తెమ్మని నేననను గాని, గుద్దుకొన్న పెద్దలకే ఆట చెలిమి నేర్పుచుండగా పిల్లలకు నేర్పదా?

ఆటలనగానే కొందరు బాక్సింగ్ క్రీడాకారిణి నిఖత్ జరీన్ పతకములను చూపి, మన బిడ్డయు అంతటిది కావలెనందురు. ఈ జిల్లా గర్వింపదగిన యువతి ఆమె. కాని పతకమునకై ఆడు ఆటయు, ఏడేండ్లవాడు లోకమును తెలిసికొనుటకై ఆడు ఆటయు ఒక్కటి కావు. రెండవదానిలో ఓడినవాడును నేర్చుకొనును. పాటకును, మాటకును ఇదే న్యాయము. 1940లో ఆంధ్ర బాలానంద సంఘమును స్థాపించిన రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారు, రేడియో అక్కయ్య కామేశ్వరిగారు పిల్లల కార్యక్రమమును పిల్లల నోటనే పలికించిరి. మాస్టరు పలికించిన పలుకులకును, పిల్ల తానై పలికిన పలుకులకును గల భేదము ఆనాటి శ్రోతలకు తెలిసినంతగా నేటి మనకు తెలియకుండుట ఆశ్చర్యము.

కావున పాఠశాల యాజమాన్య సంఘములకు, ప్రధానోపాధ్యాయులకు ఒక మనవి. ఆ సంఘములలో నాలుగింట మూడు పాళ్లు తలిదండ్రులే యుండవలెనని చట్టమున్నది గనుక, నిర్ణయము మీ చేతిలోనిదే. ఈ యేడు దసరా సెలవులకు ముందటి దినమున వేదికను, డీజేను మానుడు. ప్రక్కనున్న ఉర్దూ మాధ్యమ పాఠశాల పిల్లలను మీ ఆవరణమునకు పిలువుడు. ఉదయమున పిల్లలను పెద్దలతోడ పూవులకు పంపి, ఆ కుప్పను వారి నడుమ పోసి, ఊరి తల్లులను పీటలపై కూర్చుండబెట్టుడు. ఉపాధ్యాయులు ఆ పూటకు వెనుక నిలిచిన చాలును. సెలవుల తరువాతి శనివారమునుండి ఓమనగుంటల పలక ఒకటి, చింతగింజల సంచి యొకటి ప్రతి తరగతిలో నుంచుడు. దీనికి జిల్లా విద్యాశాఖ ఉత్తరువు అక్కరలేదు, నిధులును అక్కరలేదు.