మేడ మీద రేడియో, గేటుకు తాళం

భిలాయిలో సుపేలా దాటి కోహ్కా వైపు వెళ్ళినవారికి ఒక వ్యత్యాసం కనబడక మానదు. ఉక్కు కర్మాగారానికి కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం కాపలా ఉన్నది. దేశానికి రైలు పట్టాలు పోసి ఇస్తున్న సంస్థకు ఆ మాత్రం రక్షణ ఉండవలసినదే. కాని టౌన్‌షిప్పు వెలుపల, కోహ్కా వంటి నివాస ప్రాంతాలలో, వేలాది ఇళ్ళను లోకంతో కలిపే సెల్‌ఫోను టవరుకు రక్షణ ఏమిటి? ఇచ్చటనే కాదు, దేశమంతటా చాల చోట్ల అది ఒక కంచె, గేటుకొక తాళం.

వెనుకటి దొంగలు స్తంభాల మీది రాగి తీగ కోసుకొనిపోయేవారు. తరువాతి వారు టవరు క్రిందనున్న బ్యాటరీలను, డీజిలును కాజేశారు. ఇప్పటివారు పైకెక్కుతున్నారు. యాంటెన్నా ప్రక్కనే రిమోట్ రేడియో యూనిట్ అనే పెట్టె ఒకటి ఉంటుంది. క్రింది నుండి గాజు తంతువు ద్వారా వచ్చిన సంకేతాన్ని రేడియో తరంగంగా మార్చి, బలపరచి, మన చేతిలోని ఫోనుకు పంపేది అదే. ఒక మనిషి భుజాన మోయగల బరువు. వెల మాత్రం భారీ. 2024లో ఢిల్లీ పోలీసులు ఇట్టి ముఠాలను పట్టుకొన్నప్పుడు, ఈ సరుకు తుక్కు వ్యాపారుల చేతులు మారి విదేశాలకు తరలిపోతున్నదని తేలినది.

పెట్టె పోయిన చోట ఫోను పూర్తిగా మూగబోదు, అదే చిక్కు. టవరుకు ఆ దిక్కున ఉన్న ఇళ్ళలో మాట తెగిపోతుంది, వీధిలోకి వస్తే అతుకుతుంది. నలుగురూ "నెట్‌వర్కు బాగులేదు" అని విసుగుకొని ఊరుకొంటారు. కొలువు కోసం భిలాయికి వచ్చి, పదవీ విరమణ తరువాత అక్కడనే స్థిరపడిన తెలుగు కుటుంబాలు కొద్దిగా లేవు. బిడ్డలు ఎక్కడెక్కడనో. అర్ధరాత్రి గుండె నొప్పి వచ్చిన వృద్ధుడు 108కి ఫోను చేయబోయి, మెట్లు దిగి సందు చివరకు నడువవలసివస్తే, దానిని చిల్లర దొంగతనమని ఎట్లు అనగలము?

తాళాలు, మరలు మెరుగుపరచవద్దని ఎవరూ అనరు. మామూలు పానాకు లొంగని బోల్టులున్నవి, ఇనుప పంజరాలున్నవి, తీగ తెగిన వెంటనే మ్రోగే గంటలున్నవి. పెట్టె ఊడిన క్షణమే కంట్రోలు రూములో సంబంధం తెగినట్లు కనబడుతుంది కూడ. అయితే కరెంటు పోయినా అట్లే కనబడుతుంది! మనిషి వచ్చి చూచేలోగా సరుకు జిల్లా దాటవచ్చును. పైగా మేడ ఒకరిది, టవరు ఇంకొకరిది, రేడియో వేరొకరిది. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చినదన్న సామెత ఊరకనే పుట్టలేదు.

కోహ్కాలోని తాళం సంగతి అట్లుంచి ఢిల్లీలోని తాళం సంగతి చూతము. టెలిగ్రాఫు తీగల దొంగతనం పెచ్చుమీరినప్పుడు పార్లమెంటు 1950లో ఒక ప్రత్యేక శాసనం చేసినది. తపాలా తంతి శాఖ తీగ ఎవరివద్ద దొరికితే, అది న్యాయంగా వచ్చినదని వారే రుజువు చేసుకోవలెను. స్తంభాల మీది తీగల కాలం చెల్లినది గనుక 2023 డిసెంబరులో ఆ చట్టాన్ని రద్దు చేశారు. అందులో తప్పు పట్టవలసినది లేదు. కాని అదే నెలలో ఆమోదించిన టెలికమ్యూనికేషన్ల చట్టంలోకి ఆ సూత్రం ఎందుకు రాలేదు? కొత్త చట్టం నెట్‌వర్కును పాడుచేసిన వానిని శిక్షిస్తుంది. రేడియో పరికరం కలిగియుండుటకే అనుమతి కావలెనంటుంది. అది లేకుండ దగ్గర ఉంచుకొన్న వానికి మాత్రం ధనదండనతో సరిపెట్టినది. దొంగసొత్తు కొన్న నేరం మోపవలెనంటే, అది దొంగసొత్తని కొన్నవానికి తెలిసినదని, లేదా తెలియదగిన కారణమున్నదని పోలీసులు నిరూపించవలెను. ఆ వ్యాపారి "తెలియదండీ" అంటే చాలును.

రైల్వేల మాట వేరు. 1966 నాటి రైల్వే ఆస్తి చట్టం ఇంకను బ్రతికే ఉన్నది. ఫిష్‌ప్లేటు దొరికిన తుక్కు కొట్టువాడు సంజాయిషీ ఇచ్చుకోక తప్పదు. భిలాయి వంటి ఊరిలో, ఇనుము కొని అమ్ముటయే ఎందరికో జీవనోపాధియైన చోట, ఈ తేడా వ్యాపారికి బాగుగా తెలుసును.

రుజువు భారం ముద్దాయిపై మోపుట కఠినమే. గోనెసంచి మోసే కుర్రవానిని పట్టి, గిడ్డంగి యజమానిని వదలివేసే అలవాటు మన ఠాణాలలో లేదనలేము. కనుక ఆ భారం కొట్టు పెట్టుకొని పుస్తకాలు వ్రాసే వ్యాపారికి, ఎగుమతిదారుకు మాత్రమే వర్తింపజేయవలెను.

చట్టం మారువరకు ఆగనక్కరలేని పని ఒకటున్నది. పోయిన ఫోనును దాని సంఖ్యను బట్టి పనిచేయకుండ చేసే ఏర్పాటు 2023 మేలో దేశమంతటికీ వచ్చినది. టవరు మీది రేడియో పెట్టెకు కూడ తయారీ సంఖ్య ఉంటుంది. పోయిన పెట్టెల సంఖ్యలను ఆనాడే ప్రతి రేవులోని కస్టమ్సు అధికారికి చేర్చుటకు టెలికాం శాఖ నుండి ఒక ఉత్తరువు చాలును. పార్లమెంటు సమావేశం అవసరం లేదు.