గణకయంత్రము - ఉక్కు, కాంక్రీటుల కూర్పు

2007 జనవరిలో సోమశిల సమీపమున కృష్ణలో పడవ మునిగి అరువదిమందికి పైగా మరణించిరి. అచ్చట వంతెనకు 2022లో కేంద్రప్రభుత్వము అనుమతి నిచ్చినది. మేము తెలుగు బోధించువారమే యైనను, వంతెన విద్య మన విద్యార్థులకు పరాయిది కారాదని తలంచుచున్నాము.

కాంక్రీటు ఒత్తిడిని భరించును, లాగుడుకు పగులును. ఉక్కు లాగుడుకు ఓర్చును. అందుచే పెక్కు వంతెనలలో ఉక్కు దూలముపై కాంక్రీటు పలకను పరచి, ఉక్కు మేకులతో కూర్చుదురు. బరువు పడినపుడు ఆ కూర్పు రవంత జారును. 1951లో న్యూమార్క్ ప్రభృతులు ఆ జారుడును గణితమున కెక్కించిరి. నేడు కంప్యూటరు దూలమును వేలాది తునకలుగా భావించి లెక్కించుచున్నది. కాని జారుడే లేదని మనము చెప్పినచో అది మారుపలుకక నమ్మి, వంగుడును తక్కువగా చూపును.

కావున గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు విద్యార్థులు ఈ విద్యను నేర్వవలెను. తెరపై అంకెను చేతిలెక్కతో సరిచూడవలెను. కళాశాల సంఘమువారు కంప్యూటర్లు కొనుటతో తృప్తిచెందక, దూలములను విరిచి పరీక్షించు ప్రయోగశాలలకు విద్యార్థులను పంపవలెనని మా మనవి. వంతెనపై నడచువారు లెక్కను చూడరు. లెక్కించినవానిని నమ్మి నడతురు.