వైరు కత్తిరించొద్దు, బటన్ నేర్చుకోండి

జగ్గయ్యపేట నుంచి బెజవాడకు కారులో దూరం ఎనభై కిలోమీటర్ల లోపే. ఆ కాస్త దారిలోనే గేర్‌బాక్స్‌కు రెండు రకాల పని పడుతుంది. ఊళ్లో ఉన్నంతసేపు ఆటోలు, సిమెంటు లారీలు, స్పీడ్ బ్రేకర్లు. చిల్లకల్లు దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కామా, నందిగామ, కంచికచర్ల, పరిటాల మీదుగా ఇబ్రహీంపట్నం దాకా నాలుగు వరుసల రోడ్డు. గొల్లపూడి వచ్చేసరికి మళ్లీ నగరం, మళ్లీ బ్రేకు మీద కాలు. ఆటోమేటిక్ కార్లు నగరాలు దాటి మన మెట్ట ఊళ్లకూ వచ్చేశాయి. అవి వెళ్లిన ప్రతిచోటికీ వాటి వెంట ఒక కోరిక కూడా వెళుతుంది. ‘ఊళ్లో బండి లాగడం లేదు, మాటిమాటికీ గేరు మారుతోంది, ఆ ఓవర్‌డ్రైవ్ ఏదో పనిచేయకుండా చేసేయండి’ అని యజమాని మెకానిక్‌ను అడుగుతాడు. అతను చెప్పే బాధ నిజం. అడిగే వైద్యం మాత్రం తప్పు. ముఖ్యంగా ఊరికీ హైవేకీ మధ్య రోజూ తిరిగే జగ్గయ్యపేట, నందిగామ వాళ్లకు అది ఏ విధంగానూ పనికిరాదు.

ఓవర్‌డ్రైవ్ అంటే విడిగా బిగించిన యంత్రమేదో ఉంటుందని చాలామంది అనుకుంటారు. అదొక గేరు, అంతే. ఇంజన్ ఒక చుట్టు తిరిగితే గేర్‌బాక్స్ నుంచి బయటికొచ్చే షాఫ్టు ఒకటి కంటే ఎక్కువ చుట్లు తిరిగేలా చేసే గేరు. నాలుగు గేర్ల ఆటోమేటిక్‌లో సాధారణంగా మూడో గేరు సరిసమానం, చుట్టుకు చుట్టు. నాలుగోదాని నిష్పత్తి 0.7 దరిదాపుల్లో ఉంటుంది, అదే ఓవర్‌డ్రైవ్. వేగం అందుకున్న బండికి అంత బలం అక్కర్లేదు, ఆ వేగం నిలబెడితే చాలు. అందుకని ఇంజన్‌ను నిదానంగా తిప్పి పెట్రోలు మిగులుస్తుంది. దాని చరిత్రా ఇదే చెబుతుంది. 1973 చమురు సంక్షోభం తర్వాత అమెరికా 1975లో కార్ల మైలేజీకి చట్టం తెచ్చింది. అప్పటిదాకా మూడు గేర్లతో నడిచిన అక్కడి ఆటోమేటిక్‌లకు నాలుగో గేరుగా ఓవర్‌డ్రైవ్ తగిలించే పని ఆ ఒత్తిడితోనే ఊపందుకుంది. ఫోర్డ్ కంపెనీ 1980 మోడల్ కార్లలో దాన్ని తెచ్చింది. అంతకు చాలా ముందే బ్రిటిష్ కార్లకు లేకాక్ ఓవర్‌డ్రైవ్ ఉండేది. దాని స్విచ్ డ్రైవర్ చేతికి అందేచోట పెట్టేవారు. కావలసినప్పుడు వేసుకోవాలి, అక్కర్లేనప్పుడు తీసేయాలి. ఈ గేరు పుట్టిందే బారు రోడ్ల కోసం. ఎప్పుడు వాడాలో తేల్చుకునే హక్కు మొదటి నుంచీ డ్రైవర్‌దే.

మరి ఊళ్లో ఇబ్బంది ఎందుకొస్తుంది? నందిగామ సెంటర్లో కారు 45, 50 కిలోమీటర్ల వేగం అందుకుని, యాక్సిలరేటర్ మీద కాలు కాస్త తేలికపడగానే గేర్‌బాక్స్ కంప్యూటర్ ‘ఇక దారి ఖాళీ’ అనుకుని నాలుగో గేరు వేస్తుంది. అంతలో ముందు ఆటో ఆగుతుంది. బ్రేకు వేసి మళ్లీ తొక్కుతాం. నాలుగో గేరులో బలం లేదు కనుక మూడోది వేస్తుంది, మరో వంద గజాల్లో మళ్లీ నాలుగు. మీటరులో ఇంజన్ చుట్లు చూపే ముల్లు ఊయలలా పడుతూ లేస్తూ ఉంటుంది. గేర్లు మారిన ప్రతిసారీ లోపల క్లచ్ పలకలు పట్టుకుని వదులుతాయి. ఇంజన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్ జారుతుంది. జారిన చోటల్లా వేడి పుడుతుంది. కంప్యూటర్ తెలివితక్కువది కాదు. దానికి తెలిసేది కాలి ఒత్తిడి, చక్రాల వేగం, ఇంజన్ స్థితి మాత్రమే. ఎదురుగా స్పీడ్ బ్రేకర్ ఉందనీ, రోడ్డు దాటడానికి గేదెలు నిలబడి ఉన్నాయనీ దానికి కనపడదు.

దీనికి తోడు, మన దేశంలో చాలాకాలంగా మైలేజీ అంకె తేల్చే పరీక్ష జరిగేది రోడ్డు మీద కాదు, రోలర్ల మీద. 1,180 సెకన్ల ఆ పరీక్షలో గరిష్ఠ వేగం 90 కిలోమీటర్లు. ఏసీ ఆపేసి చేస్తారు. అందులో మంచి అంకె రావాలంటే పై గేర్లు వీలైనంత తొందరగా పడేలా కంప్యూటర్‌కు నేర్పడం కంపెనీకి లాభం. మన మెట్టలో వేసవి ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, ఏసీ లేకుండా కారు తీసేవాళ్లు లేరు. ఆ కంప్రెసర్ బరువు కూడా ఇంజనే మోయాలి. పరీక్షలో సాఫీగా నడిచిన నాలుగో గేరు మే నెల మిట్టమధ్యాహ్నం, ఐదుగురు కూర్చున్న ఎర్టిగాలో ఈసురోమంటుంది. కాబట్టి ఫిర్యాదు చేసేవాళ్లకు డ్రైవింగ్ రాదని కొట్టిపారేయడం అన్యాయం.

అయితే ఈ తిప్పలకు మందు చాలా కార్లలో కంపెనీయే పెట్టి ఇచ్చింది. 2018 నుంచి 2022 దాకా అమ్మిన నాలుగు గేర్ల ఎర్టిగా, 2020లో వచ్చిన పెట్రోలు బ్రెజా, ఇంకా సియాజ్, అంతకుముందు హ్యుందాయ్ ఐ10 ఆటోమేటిక్, వీటి గేరు రాడ్డు మీద బొటనవేలికి తగిలేలా చిన్న బటన్ ఒకటి ఉంటుంది. అది నొక్కితే మీటర్ల మధ్య ‘ఓ/డీ ఆఫ్’ అని దీపం వెలుగుతుంది. అప్పటి నుంచి గేర్‌బాక్స్ మూడో గేరు దాటదు. ఒకటి, రెండు, మూడు మామూలుగానే మారతాయి. పదేపదే మూడు నాలుగు, నాలుగు మూడు అనే పాట్లు ఉండవు. యాక్సిలరేటర్ వదలగానే ఇంజనే బండిని కాస్త పట్టి ఆపుతుంది కనుక బ్రేకుల మీద భారం తగ్గుతుంది. మళ్లీ నొక్కితే దీపం ఆరిపోతుంది, నాలుగో గేరు తిరిగొస్తుంది. దీనికి పైసా ఖర్చు లేదు, ఒక్క స్క్రూ విప్పనక్కర్లేదు. ఇంత సులువైన దాన్ని వదిలేసి వైర్ల జోలికి పోవడం బాధ కలిగిస్తుంది.

వైర్ల జోలికి పోతే ఏమవుతుందో లెక్కగట్టి చూద్దాం. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో నాలుగో గేరు మీద ఇంజన్ నిమిషానికి 2,100 చుట్లు తిరుగుతోందనుకోండి. నిష్పత్తి 0.7 కనుక అదే వేగంలో మూడో గేరు మీద 3,000 చుట్లు తిరగాలి. చిల్లకల్లు నుంచి గొల్లపూడి వైపు ముప్పావుగంట ప్రయాణంలో 40,500 చుట్లు అదనం. తిరుగు ప్రయాణంలో మరో అంత. నాలుగు వరుసల రోడ్డుపై కార్లకు కేంద్రం 2018లో ఖరారు చేసిన గరిష్ఠ వేగం 100 కిలోమీటర్లు. ఆ వేగానికి చుట్లు 2,600 దగ్గర ఉండాల్సిన ఇంజన్ 3,700 దాటి అరుస్తూ పోతుంది. హైదరాబాద్ దాకా అలా వెళ్లారంటే ఊళ్లో పొందిన సుఖానికి రెండింతలు పెట్రోలు బంకులో చెల్లించాలి. ఊళ్లో తిరిగేది రోజుకు నాలుగైదు కిలోమీటర్లు, హైవే మీద తిరిగేది అంతకు ఎన్నో రెట్లు అయిన ప్రాంతంలో, ఆ నాలుగైదు కిలోమీటర్ల కోసం నాలుగో గేరును శాశ్వతంగా చంపేయడం బండికి చేసే అపకారం.

ఆ మార్పు చేసే పద్ధతుల్లోనూ తేడా ఉంది. బటన్ సిగ్నల్‌కు చిన్న రిలే పెట్టి, స్టార్ట్ చేయగానే ‘ఆఫ్’లో ఉండేలా చేయడం ఒకటి. అది కాస్త నయం. బటన్ ఎలాగూ చేతిలోనే ఉంటుంది, దాని మాట కంప్యూటర్ వింటుంది. అసలు ప్రమాదం గేరు మార్చే సొలినాయిడ్ల వైర్లు కత్తిరించి, మధ్యలో స్విచ్ పెట్టే పద్ధతితో. సొలినాయిడ్ సర్క్యూట్ తెగిందని తెలియగానే కంప్యూటర్ దాన్ని లోపంగా నమోదు చేస్తుంది. హెచ్చరిక దీపం వెలిగించి, బండిని ఎలాగోలా ఇంటికి చేర్చే ఒకే గేరుకు పరిమితం చేస్తుంది. లోపల ఆయిల్ ఒత్తిడి గరిష్ఠానికి పోతుంది. డీలోకి వేస్తే గుద్దినట్టు తగులుతుంది. టార్క్ కన్వర్టర్‌ను జారకుండా పట్టి ఉంచే లాకప్ వైరు తీసేస్తే మరీ నష్టం, హైవే మీద కూడా కన్వర్టర్ జారుతూనే ఉండి ఆయిల్‌ను మరిగిస్తుంది. గేర్‌బాక్స్ ఆయిల్ మంచిగా ఉన్నంతకాలం తెల్ల గుడ్డ మీద చుక్క వేస్తే ఎర్రగా, తేటగా కనపడుతుంది. వేడికి చెడితే గోధుమ రంగుకు తిరిగి మాడు వాసన కొడుతుంది. ఆ వాసన వచ్చేనాటికి లోపల క్లచ్ పలకలు అరగడం మొదలైపోయి ఉంటుంది. వాటిని బాగుచేసే మనిషి కోసం మన ఊళ్లలో వెతికితే దొరకడు, బెజవాడ ఆటోనగర్‌కు లాక్కెళ్లాలి. మోటారు వాహనాల చట్టం 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు ఉండొచ్చు. కానీ ఆర్‌సీలో గేర్‌బాక్స్ వైరింగ్ ఊసు ఉండదు కనుక చట్టం పేరు చెప్పి భయపెట్టడం నా ఉద్దేశం కాదు. తెగిన వైరు చూసి సర్వీసు సెంటరు వారంటీ నిరాకరిస్తే ఆ బిల్లు మనమే కట్టుకోవాలి, భయపడాల్సింది దానికి.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో మొదటిది, ఓవర్‌డ్రైవ్ ఆపితే మైలేజీ పోతుందన్నది. హైవే మీద పోతుంది, పైన లెక్క చూపాను. గంటకు నలభై లోపు వేగంతో ఆగుతూ సాగుతూ నడిచే చోట గేర్‌బాక్స్ నాలుగో గేరులో ఉండేదే తక్కువ. అక్కడ పెట్రోలు తాగేది బ్రేకు వేసి మళ్లీ ఊపందుకోవడం, ఆగి ఉన్నప్పుడు ఇంజన్ నడవడం. మూడో గేరుకే కట్టేస్తే పోయేది కొద్దిగా, తగ్గే పాట్లు ఎక్కువ. అయినా బటన్ ఊరంతా నొక్కి ఉంచాలని నేననడం లేదు. గేర్లు ఊగిసలాడుతున్నాయి అనిపించినప్పుడే నొక్కాలి. వంతెన మీదికి ఎక్కేటప్పుడు, నిండుగా జనంతో ఉన్నప్పుడు, లారీని దాటబోయే ముందు.

రెండో అభ్యంతరం బలమైనది, దాన్ని తేలిగ్గా తీసుకోను. చాలా కార్లలో ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఓవర్‌డ్రైవ్ దానంతట అదే ఆన్ అవుతుంది. రోజుకు పదిసార్లు ఆపి తీసే డాక్టరుగారికో, బడి పిల్లలను దింపే తల్లికో ప్రతిసారీ గుర్తుపెట్టుకుని నొక్కడం చిరాకే. కానీ మరుపు రెండు వైపులా ఉంటుంది. ఊళ్లో నొక్కడం మరిచిపోతే రెండు మూడు కుదుపులతో పోతుంది. ఆఫ్‌లోనే నిలిచిపోయేలా మార్చిన కారులో హైవే ఎక్కి ఆన్ చేయడం మరిచిపోతే ట్యాంకూ, గేర్‌బాక్సూ రెండూ ఖర్చవుతాయి. కంపెనీలు ఆన్‌నే మొదటి స్థితిగా పెట్టడానికి కారణం ఇదే అయి ఉండాలి. మన దారిలో గుర్తులు కూడా సులువు. చిల్లకల్లు, కీసర టోల్ గేట్లు దాటగానే దీపం ఆరిందా లేదా ఒక్కసారి చూసుకోవడం, గొల్లపూడి దగ్గర పడగానే అవసరమైతే నొక్కడం వారం రోజుల్లో అలవాటవుతుంది.

‘నా కారు ఊరు దాటదు, నాకెందుకు హైవే గోల’ అనేవాళ్లూ ఉంటారు. కారు ఎప్పటికీ ఒకరి దగ్గరే ఉండదు. మూడు నాలుగేళ్లకు చేతులు మారుతుంది. కొన్న మనిషికి స్టీరింగ్ కింద ఎక్కడో టేపు చుట్టిన వైరు సంగతి ఎవరూ చెప్పరు. ఖమ్మం నుంచో కోదాడ నుంచో వచ్చి పాత ఎర్టిగా కొనుక్కున్న కుటుంబం, గేర్‌బాక్స్ పోయిందనుకుని వేలకు వేలు పోసి విప్పించాక ఆ వైరు బయటపడితే ఆ నష్టం ఎవరు కడతారు? తనకు పనికొచ్చిందని చేసిన చిన్న మార్పు అపరిచితుడి నెత్తిన పడుతుందన్న ఎరుక యజమానికీ ఉండాలి, కత్తెర పట్టిన మెకానిక్‌కూ ఉండాలి.

2022 తర్వాత వచ్చిన ఎర్టిగా, బ్రెజాలకు ఆరు గేర్లు, స్టీరింగ్ దగ్గర గేర్లు మార్చే ప్యాడిళ్లు వచ్చాయి. గేర్ల మధ్య దూరం తగ్గింది కనుక ఊగిసలాట కూడా తగ్గింది. 2014లో సెలేరియోతో మొదలైన ఏఎంటీ (మాన్యువల్ గేర్‌బాక్స్‌నే కంప్యూటర్ నడిపే) కార్లలో ఓవర్‌డ్రైవ్ బటన్ అసలు లేదు. వాటిలో మాన్యువల్ మోడ్‌కు మార్చి గేరును చేత్తో నిలపాలి. పేరేదైనా పని ఒకటే, ఎదుటి రోడ్డు చూసి కంప్యూటర్‌కు ముందే చెప్పడం. ఇది తెలియనివాళ్లది తప్పనలేం, ఎవరైనా చెబితే కదా. డ్రైవింగ్ స్కూళ్లు ఇప్పటికీ ఎక్కువగా క్లచ్ బండ్ల మీదే నేర్పుతాయి. ఆటోమేటిక్ కొన్నవాళ్లకు పీ, ఆర్, ఎన్, డీ అని నాలుగు అక్షరాలు చెప్పి పంపేస్తారు. కంపెనీలు ఒక పని చేయొచ్చు. యజమాని కోరితే ఓవర్‌డ్రైవ్ స్థితిని గుర్తుంచుకుని, 80 కిలోమీటర్ల వేగం దాటాక మాత్రం తనంతట తానే ఆన్ చేసేలా సాఫ్ట్‌వేర్‌లో సదుపాయం ఇవ్వొచ్చు. గేర్‌బాక్స్ నడిపే కంప్యూటర్ ఉన్న కారుకు అది అసాధ్యమేమీ కాదు. అది వస్తే వైరు కత్తిరించమని అడిగేవాళ్లే ఉండరు.

అప్పటిదాకా షోరూముల వాళ్లను అడగాల్సింది ఐదు నిమిషాలే. కొత్త కారు తాళాలు చేతికిచ్చి, దండ వేసి, ఫొటో తీస్తారు. అక్కడి నుంచి కొనుక్కున్నవాళ్లు పెనుగంచిప్రోలు తిరుపతమ్మ గుడికి తీసుకెళ్లి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి ఇంటికి వస్తారు. తాళాలు ఇచ్చేముందే డెలివరీ ఇచ్చే కుర్రాడు యజమానిని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, అతని బొటనవేలు ఆ బటన్ మీద పెట్టించి, దీపం వెలిగించి ఆర్పించి, సర్వీసు రోడ్డు మీద ఒకసారి, హైవే మీద ఒకసారి నడిపించాలి.