భూముల దళారులు – రిజిస్ట్రేషను ఆవశ్యకత

మన గ్రామములలో భూముల బేరములు కుదుర్చు మధ్యవర్తులు పూర్వమునుండియు గలరు. ఉభయపక్షముల నెరిగిన పెద్దమనిషి నడుమ నిలిచి, బేరము కుదిర్చి, కొంత ప్రతిఫలము పొందుట తప్పు గాదు. కాని పట్టణములు పొలములమీదికి వ్యాపించుచున్న యీ దినములలో ఆ పని పెద్ద వ్యాపారమైనది. చదువుకొనియు ఉద్యోగము దొరకని రైతుబిడ్డలు పలువు రిందు ప్రవేశించుచున్నారు. కావున దీనికి సంబంధించిన చట్టమును సభ్యులెల్లరు ఎరిగియుండుట మంచిది.

వాడుకలో రెరా యనబడు 2016 సంవత్సరపు రియల్ ఎస్టేటు చట్టము 2017 మే 1వ తేదీనుండి పూర్తిగా అమలులోనికి వచ్చినది. 500 చదరపు మీటర్లకు, అనగా సుమారు 600 చదరపు గజములకు, మించిన లేఅవుటును అమ్మకమునకు పెట్టుటకు ముందే రిజిస్టరు చేయింపవలెను. అట్టి లేఅవుటులో ప్లాట్లు అమ్మించు ఏజెంటును తన పేరు రెరా సంస్థయందు నమోదు చేయించుకొనవలెను. తాను కుదిర్చిన ప్రతి విక్రయమునందును తన నంబరును చూపవలెను. లెక్కలను, పత్రములను భద్రపరుపవలెను. లేని వసతులను ఉన్నట్లు చెప్పరాదు. నియమము తప్పిన యెడల దినమునకు 10,000 రూపాయల చొప్పున, ఆస్తి వెలలో నూటికి 5 వంతుల వరకు జరిమానా గలదు.

“నోటిమాటతో జరుగు పనికి ఇంత తతంగమేల?” యని కొంద రందురు. ఎరువుల వర్తకునకు లైసెన్సు ఉండవలెనని మనమే కోరుచున్నాము గదా! కల్తీ యెరువువలన ఒక పంట పోవును. కల్తీ బేరమువలన తాతలనాటి భూమియే పోవును. పరుల సొమ్ము చేతబట్టువాడు లెక్క చూపవలెననుట సహకారోద్యమమునకు మొదటి పాఠము. నిజాయితీపరుడగు యువకునకు రిజిస్ట్రేషను భారము గాదు. అది వాని పరపతికి పునాది.

అయితే ఈ చట్టమునందొక కొరత గలదు. ఇది ప్రధానముగా ప్లాటు కొనువానికి రక్ష. రైతు తన పొలమును పొలముగనే అమ్ముకొనునప్పుడు నడుమ నిలుచు దళారికి ఈ రిజిస్ట్రేషను అక్కరలేదు. కొద్దిపాటి బయానా ఇచ్చి, కాలయాపన చేసి, ఆలోపల హెచ్చు ధరకు మరియొకనికి బేరము పెట్టువారు ఈ సందుననే బ్రతుకుచున్నారు. పొలముల దళారులను సైతము రిజిస్ట్రేషను క్రిందికి తెచ్చుట న్యాయమని మా యభిప్రాయము.

అంతవరకు రైతు తన జాగ్రత్తయందు తానుండవలెను. ధర, బయానా, మిగిలిన పైకము చెల్లించు గడువు, దళారి కమీషను – ఇవన్నియు కాగితముపై వ్రాయించుకొనవలెను. ఖాళీ కాగితములపై సంతకము చేయరాదు. పూర్తి పైకము చేతికి రాకమునుపు జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ వ్రాసి ఇయ్యరాదు. పట్టణమున ప్లాటు కొనదలచిన సభ్యులు ముందుగా లేఅవుటు రెరా నంబరును, పిదప ఏజెంటు నంబరును అడిగి, రెరా వెబ్‌సైటునందు సరిచూచుకొనవలెను. నంబరు చెప్పుటకు జంకువానికి పైకమిచ్చుటకు మనమును జంకుట మేలు.