బన్కమ్ కోసం మాట్లాడిన మనిషి

1820 ఫిబ్రవరిలో అమెరికా ప్రతినిధుల సభ ముందున్న ప్రశ్న చిన్నది కాదు. కొత్తగా చేరబోయే మిస్సోరీ రాష్ట్రంలో బానిసత్వం ఉండాలా, వద్దా? చర్చ సాగి సాగి, ఇక ఓటింగ్ పెట్టండని సభ్యులు గోల చేస్తున్న వేళ నార్త్ కరొలైనా సభ్యుడు ఫీలిక్స్ వాకర్ ప్రసంగానికి లేచారు. విషయానికి రారు, కూర్చోమంటే కూర్చోరు. చివరికి ఆయన చెప్పిన సంజాయిషీ ఏమిటంటే, తాను మాట్లాడుతున్నది సభ కోసం కాదు, బన్కమ్ కోసమని. బన్కమ్ అంటే ఆయనను గెలిపించి పంపిన కౌంటీ. ఆ ప్రసంగంలో ఏముందో ఇవాళ ఎవరికీ పట్టదు. ఆ ఒక్క ముక్కే మిగిలింది.

అలా ఊకదంపుడు ఉపన్యాసానికి ఇంగ్లీషులో 'బన్కమ్' అని పేరు పడింది. పోనుపోను అది 'బంక్' అయింది. 1923లో విలియం వుడ్‌వర్డ్ అనే రచయిత తన నవలలో దానికో ఉపసర్గ తగిలించి 'డీబంక్' అన్నాడు. వాట్సాప్ పుకార్లను డీబంక్ చేశామని మన ఫ్యాక్ట్‌చెక్ వాళ్లు చెప్పుకుంటారే, అదే. పాపం, ఇందులో అన్యాయమైపోయింది ఎడ్వర్డ్ బన్కమ్. ఆ కౌంటీకి పెట్టింది ఈ కల్నల్ పేరే. స్వాతంత్ర్య యుద్ధంలో గాయపడి, బ్రిటిష్ వాళ్లకు బందీగా చిక్కి, చెరలోనే చనిపోయాడు.

ఇలాంటి డొల్లమాటలకే మరో పేరు 'క్లాప్‌ట్రాప్'. అది పుట్టింది ఇంగ్లండు నాటకశాలల్లో. చప్పట్ల కోసం పన్నిన వల అని అర్థం. మన పద్యనాటకాల్లో వన్స్‌మోర్ కోసం తీసే రాగం దీనికి చుట్టమే గానీ, అందులో కనీసం సంగీతమైనా ఉంటుంది.

ఆఫీసు వంతు 1944లో వచ్చింది. యుద్ధకాలపు ప్రభుత్వ సంస్థ ఒకదానికి అధిపతిగా ఉన్న టెక్సస్ నాయకుడు మౌరీ మావరిక్, కింది ఉద్యోగుల రాతలు చదవలేక విసిగి ఒక సర్క్యులర్ పంపాడు. 'యాక్టివేషన్', 'ఇంప్లిమెంటేషన్' అని రాసేవాళ్లను కాల్చేస్తానన్నాడు. ఆ భాషకు ఆయన పెట్టిన పేరు 'గాబుల్డీగుక్'. టెక్సస్ టర్కీ కోడి డాబుగా తిరుగుతూ కూసే కూత తనకు గుర్తొచ్చిందట.

ఆ కూత మనకూ కొత్త కాదు. 'తదుపరి చర్యల నిమిత్తం సంబంధిత అధికారులకు తగు ఆదేశములు జారీ చేయవలసినదిగా' అంటూ సాగే కాగితం చదివిన రైతుకు, తన పాస్‌పుస్తకం వస్తుందో రాదో మాత్రం తెలియదు.

ఈ సొల్లుకూ అబద్ధానికీ తేడా ఉంది. అబద్ధాలకోరుకు నిజమేదో తెలుసు, దాన్ని దాస్తాడు. సొల్లు చెప్పేవాడికి నిజంతో పనే లేదు, అందుకే వాడు మరింత ప్రమాదకారి అని తత్వవేత్త హ్యారీ ఫ్రాంక్‌ఫర్ట్ వాదన. ఆ వాదనతో ఆయన 1986లో రాసిన వ్యాసం 2005లో చిన్న పుస్తకంగా వచ్చింది. నా లెక్కలో వాకర్ ఈ జాబితాలోకెల్లా నయం. ఎవరి కోసం మాట్లాడుతున్నాడో దాచలేదు. అసెంబ్లీలో స్పీకర్ వైపు తిరిగి, సొంత నియోజకవర్గం గ్రూపుల్లో తిరగబోయే వీడియో కోసం గొంతు పెంచేవాళ్లు ఆ మాట ఒప్పుకుంటారా?

ఉపన్యాసమైతే టీవీ కట్టేసి తప్పించుకోవచ్చు. ఆఫీసు కాగితాన్ని అలా వదిలేయలేం. కాబట్టి ఈసారి అర్థం కాని నోటీసు చేతికొస్తే సంతకం పెట్టకముందే అడగండి: 'అయ్యా, ఇందులో నేను చేయాల్సిందేమిటి, ఏ తేదీలోగా?'