సైలేజీ బేళ్లు: తూకంలో నీరెంత?

మొక్కజొన్న పైరును గింజలో పాలు గట్టిపడే దశలో కోసి, ముక్కలు చేసి, గాలి చొరకుండా ప్లాస్టిక్ పొర చుట్టిన సైలేజీ బేళ్లకు పాడి ప్రాంతాలలో గిరాకీ కలదు. బేరం మాత్రం టన్ను తూకం మీదనే సాగుతున్నది. నష్టం కొనుగోలుదారుకే. తేమ 70 శాతం ఉన్న టన్నులో పశువుకు దక్కే ఎండు పదార్థం 300 కిలోలు. తేమ 78 శాతమైతే 220 కిలోలే. ధర ఒకటే, మేత పావు వంతుకు పైగా తక్కువ! మొక్కజొన్న గింజలకు తేమ మీటరు పెట్టి తరుగు తీసే వర్తకులు ఇక్కడ ఊరుకోవడం వింతే. గుప్పెడు తీసి పిండితే రసం కారే సరుకుకు ధర తగ్గించి అడగవలసిందే.

నిల్వ సంగతి మరొకటి. పొరకు చిల్లు పడితే గాలి చేరి బూజు పడుతుంది. హమాలీ కొక్కేనికి గోనె బస్తా తట్టుకుంటుంది. బేలుకు ఒక్క పోటు చాలు. ఎలుకల సంగతి సరేసరి. చిల్లు కనబడిన వెంటనే టేపు అతికించాలి. పులియడానికి మూడు నాలుగు వారాలైనా పడుతుంది గనుక కట్టిన తేదీ తెలియాలి. తేదీ, తేమ శాతం బిల్లుకెక్కని సరుకు బూజుతో తిరిగివస్తే లారీ కిరాయి ఎవరిదన్న తగవు దళారి నెత్తికే చుట్టుకుంటుంది.